కొత్తదని అంటగట్టిన ఆంప్లిఫయర్, వాళ్ళే ఇప్పించిన సీలు: సౌండ్ వాళ్ళూ జాగ్రత్త

ఆమదాలవలస, పొందూరు, చీపురుపల్లి వైపు సౌండ్ సిస్టమ్ పెట్టుకునే అన్నదమ్ములు అందరూ ఇది చదవండి. విజయనగరంలో ఆ షాపులో ఆంప్లిఫయర్ కొనకండి. పేరు రాయను, రాయక్కర్లేదు కూడా. పెళ్ళిళ్ళ సీజన్ వస్తే మనందరం ఎక్కే మెట్లే అవి. "మన షాపే బాబూ, నీ డబ్బులు ఎక్కడికి పోతాయి" అంటాడు కదా, ఆయనే. నావి ఎక్కడికి పోయాయో ఇప్పుడు బాగా తెలిసింది.

టూకీగా చెప్తాను. బేస్‌కి విడిగా ఒక ఆంప్ కావాలని వెళ్ళాను. 2 యూనిట్ల రాక్ మోడల్ (రాక్ అంటే పరికరాలు బిగించే ఫ్రేమ్, అందులో రెండు అరల ఎత్తు), క్లాస్ హెచ్ (కరెంటు వృథా తగ్గించే సర్క్యూట్ రకం), 4 ఓమ్స్ దగ్గర (ఓమ్స్ అంటే స్పీకర్ కరెంటుకి ఇచ్చే అడ్డు, అది తగ్గేకొద్దీ ఆంప్ మీద భారం ఎక్కువ) ఛానెల్‌కి 1200 వాట్లు, కొత్త పీసు, ఏడాది వారంటీ, 58,000 అన్నాడు. బిల్లు అడిగితే "జీఎస్టీ 18 శాతం, నీకే కదా భారం" అని తెల్ల కాగితం మీద ఎస్టిమేట్ రాసిచ్చాడు. అందులో సీరియల్ నంబరు లేదు. మాన్యువల్ ఏదని అడిగితే "ఇన్నేళ్ళ బట్టి సౌండ్ పెడతన్నావు, నీకు మాన్యువల్ ఏటి" అన్నాడు. పొగిడాడనుకుని నేను కూడా ఉబ్బిపోయాను.

రాక్‌లో బిగించడంలో నా వైపు ఏ లోటూ లేదు, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. ఇరవై కిలోలు పైబడిన బరువు, ముందు చెవుల స్క్రూల మీదే వేలాడదీస్తే మన రోడ్ల గతుకులకి అవి వంగిపోతాయని వెనకాల కూడా సపోర్ట్ పట్టీ వేశాను. ఫ్యాన్ ముందు నుంచి గాలి పీల్చి వెనక్కి వదిలే రకం కాబట్టి రాక్ వెనక తలుపు తీసే ఉంచాను. ఆన్ చేసేటప్పుడు మిక్సర్ ముందు, ఆంప్ చివర. ఆపేటప్పుడు ఆంప్ ముందు. ఇవన్నీ తెలిసినవాడినే.

బ్రిడ్జ్, అంటే ఆంప్ రెండు ఛానెళ్ళనీ కలిపి ఒకటిగా వాడడం, ఆ సంగతి మాత్రం వాళ్ళ టెక్నీషియన్ చెప్పింది. నా బేస్ బాక్సులు రెండూ 8 ఓమ్స్‌వి. "రెండూ ప్యారలల్ చేసి బ్రిడ్జ్‌లో పెట్టు అన్నా, దుమ్ము రేగిపోద్ది" అన్నాడు. ప్యారలల్ చేస్తే 4 అవుతుంది కదా, తట్టుకుంటుందా అని అడిగాను. "2 ఓమ్స్ స్టేబుల్ పీసు, భయం లేదు, అంతగా అయితే నాబ్ సగంలో పెట్టుకో" అన్నాడు. ఇక్కడే ఉంది కిటుకు. బ్రిడ్జ్‌లో ఒక్కో ఛానెల్‌కి కనిపించేది మనం పెట్టిన లోడ్‌లో సగమే. 4 ఓమ్స్ తగిలిస్తే ఛానెల్‌కి 2 ఓమ్స్ పడుతుంది. నా ఆంప్‌కి ఛానెల్‌కి కనీసం 4 ఉండాలి, అంటే బ్రిడ్జ్‌లో 8కి తగ్గకూడదు. నాబ్ సగంలో పెట్టినా ఒరిగేదేం లేదు, అది లోపలికి వచ్చే సిగ్నల్‌ని తగ్గిస్తుందే తప్ప మిక్సర్ నుంచి గట్టిగా తోస్తే ఆంప్ ఫుల్లుకే పోతుంది. ఇదంతా వెనక ప్యానెల్ మీద స్పీకాన్ సాకెట్ (స్పీకర్ వైరు గుచ్చే చోటు) పక్కన చిన్న అక్షరాల్లో రాసే ఉంది. సరిగ్గా ఆ లైను మీదే షాపు వాళ్ళు తమ ఫోన్ నంబరు స్టిక్కర్ అంటించారు! ఎంత శ్రద్ధో చూడండి.

మా పక్క ఊళ్ళో అమ్మవారి సంబరం. టెక్నీషియన్ చెప్పినట్టే బ్రిడ్జ్‌లో పెట్టాను. రాత్రి పాట మంచి ఊపులో ఉండగా బేస్ ఆగిపోయింది, ప్రొటెక్ట్ లైట్ (లోపం వచ్చి ఆంప్ తనంతట తానే ఆగిందని చెప్పేది) ఎర్రగా వెలిగింది, మళ్ళీ ఆరలేదు. జనరేటర్ వోల్టేజ్ చూశాను, బాగానే ఉంది. స్పీకర్ వైర్లు పీకి చూసినా అదే ఎరుపు. కమిటీ పెద్ద ఒకాయన వచ్చి "మా తప్పెటగుళ్ళకి కరెంటు అక్కర్లేదు బాబూ, మీరు పక్కకి జరగండి" అన్నాడు. డబ్బులు కోసుకున్నారు, అది వేరే సంగతి.

పొద్దున్నే షాపుకి ఫోన్ చేస్తే టెక్నీషియన్ వీడియో కాల్ చెయ్యమన్నాడు. "పై మూత ఇప్పు, ఫ్యూజు చూద్దాం" అన్నాడు. స్క్రూ మీద వారంటీ సీలు ఉంది అన్నా, అన్నాను. "మనదే కదా, పర్లేదు, ఇప్పేయ్" అన్నాడు. ఇప్పాను. సీలు కాగితం కింద ఉన్న స్క్రూ తల గాడి అప్పటికే అరిగిపోయి, చుట్టూ నల్ల పెయింట్ లేచిపోయి ఉంది. చూశాను కానీ ఆ టెన్షన్‌లో పట్టించుకోలేదు. ఫ్యూజులు బాగానే ఉన్నాయి, "అయితే పీసు తెచ్చేయ్" అన్నాడు.

ఆంప్‌ని గోనెసంచిలో చుట్టి శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో రైలెక్కించి తీసుకెళ్ళాను. ఓనర్ దాన్ని కౌంటర్ మీద పెట్టించుకున్నాడు. ఏమైందని అడగలేదు. తిన్నగా ఆ స్క్రూ దగ్గరికి వెళ్ళి, మిగిలిన సీలు ముక్కని బొటనవేలి గోరుతో గీకి, ఆ తుంపు నాకు చూపించి, "ఎవులు ఇప్పమన్నారు?" అన్నాడు. మీవాడే అన్నాను. ఆ టెక్నీషియన్ నాకు మూడు అడుగుల దూరంలో సోల్డరింగ్ చేసుకుంటూ కూర్చుని ఉన్నాడు, తల ఎత్తలేదు. తమ్ముడూ నువ్వే కదా అన్నాను. "నాను ఫ్యూజు సూడమన్నాను అన్నా, సీలు తియ్యమన్నానా" అన్నాడు. మూత తియ్యకుండా లోపలి ఫ్యూజు ఎలా చూస్తారో ఆ విద్య నాకు రాదు. ఫోన్ తీసి కాల్ లిస్టు చూపించాను, పొద్దున్న ఏడుంపావుకి వీడియో కాల్ అని స్పష్టంగా ఉంది. ఓనర్ దాన్ని చూసి, "మాటాడినట్టు ఉంది, సరే. ఏం మాటాడారో ఎక్కడుంది?" అని నవ్వాడు. ఆ నవ్వు ఇంకా కళ్ళ ముందు ఉంది. ఆపైన "బ్రిడ్జ్‌లో 4 ఓమ్స్ పెట్టావంట, అదీ నీ తప్పే. మనోడివి కాబట్టి రిపేర్ 14,000కి చేయిస్తాను. టీ తాగుతావా?" ఎంత మర్యాదస్తుడు!

టీ వద్దని ఆంప్ తెచ్చేసుకుని శ్రీకాకుళంలో తెలిసిన మెకానిక్‌కి ఇచ్చాను. విప్పి చూస్తే ఒక ఛానెల్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల వరస మొత్తం షార్ట్. అది ఓవర్‌లోడ్ వల్ల అనుకోండి. కానీ అందులో కొన్నిటి కాళ్ళ దగ్గర చేతి సోల్డరింగ్, సోల్డర్ చేసేటప్పుడు పూసే ఫ్లక్స్ కడగని మరకలు. అంటే నాకంటే ముందే ఈ పీసు ఒకసారి కాలింది, రిపేరయింది, అట్టపెట్టెలోకి వెళ్ళి "కొత్తది" అయింది. మీద 2ఎస్‌సీ5200 అని ముద్ర ఉన్న ఒకదాన్ని పగలగొట్టి చూపించాడు, లోపల చిప్ ఆవగింజంత. అసలైనది 15 ఆంపియర్లు, 150 వాట్ల రేటింగ్ ఉన్న సరుకు, ఇది దానికి నకలు. ఎవరు ఇప్పమన్నారని నన్ను అడిగిన ఆ సీలుని రిపేర్ తర్వాత వాళ్ళే అంటించారన్నమాట, అరిగిన స్క్రూ మీద.

ఓనర్‌కి ఫోన్ చేసి ఇది చెప్తే "కేసు వేసుకో, నీది వ్యాపారం, వినియోగదారుల కోర్టు నీకు వర్తించదు" అన్నాడు. వర్తిస్తుంది. స్వయం ఉపాధి మీద బతికేవాడు తన జీవనోపాధికి కొన్న వస్తువైతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అతను వినియోగదారుడే. షాపు విజయనగరంలో ఉన్నా నేనుండే శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వెయ్యొచ్చు, 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు, రెండేళ్ళ గడువుంది. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. ఎస్టిమేట్ కాగితం, ఫోన్‌లో డబ్బు పంపిన రుజువు ఉన్నాయి.

మీరు ఎక్కడ కొన్నా సీరియల్ నంబరుతో బిల్లు రాయించుకోండి, డబ్బివ్వకముందే స్క్రూ తలలు చూడండి, ఫోన్‌లో ఎవరు మూత ఇప్పమన్నా వాట్సాప్‌లో రాసి పంపమనండి. వెనక ప్యానెల్ మీద స్టిక్కర్ ఉంటే పీకి కింద ఏముందో చదవండి. ఇదే షాపు పీసు మీ దగ్గరుంటే ఆ స్క్రూ, ఆ స్టిక్కర్ ఫోటోలు నాకు పంపండి, ఫిర్యాదుకి జత చేస్తాను.