మాన్‌స్టర్ మాన్యువల్: గాబ్లిన్‌కి ఉన్న కిటుకు కాపలావాడికి ఎందుకు లేదు?

టేబుల్ చుట్టూ కూర్చుని, డైస్ వేస్తూ, కథలో పాత్రలుగా ఆడే ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్. దాని ఐదో ఎడిషన్ కోసం 2014లో వచ్చిన రాక్షసుల పుస్తకం, మాన్‌స్టర్ మాన్యువల్ గురించి ఇది. 2025లో కొత్తది వచ్చినా మేం ఇంకా పాతదాంతోనే ఆడుతున్నాం. బొమ్మలు బాగుంటాయని అందరూ చెప్పేదే. డీఎంగా, అంటే కథ నడిపి రాక్షసుల్ని ఆడించేవాడిగా, నేను చూసేది ఒక్కటే, రాక్షసికి ఇచ్చిన శక్తి వల్ల ఆటగాళ్లు తమ ఎత్తుగడ మార్చుకోవాల్సి వస్తుందా లేదా అని.

గాబ్లిన్ అనే చిన్న రాక్షసినే చూడండి. 7 హిట్ పాయింట్లు (ఎంత దెబ్బ తట్టుకోగలదో చెప్పే అంకె), గట్టి దెబ్బ ఒక్కటి చాలు. కానీ నింబుల్ ఎస్కేప్ అని చిన్న లైను ఒకటి ఉంది, ప్రతి టర్న్‌లో బోనస్ యాక్షన్‌తో, అంటే మామూలు పనికి అదనంగా చేసే చిన్న పనితో, దాక్కోవచ్చు, లేదంటే ఎదుటివాడి కత్తికి చిక్కకుండా పక్కకి జారుకోవచ్చు. మొదట్లో నేను దాన్ని పట్టించుకోకుండా గాబ్లిన్లను వరసగా నిలబెట్టేవాణ్ణి, రెండు రౌండ్లలో పని అయిపోయేది. తర్వాత ఓసారి నాలుగింటిని పొదల్లో పెట్టాను. బాణం వేస్తాయి, మాయమవుతాయి, ఇంకో పొదలోంచి లేస్తాయి. చివరికి మా వాళ్లు శత్రువుల్ని వదిలేసి ముందు ఆ పొదలు నరకడం మొదలుపెట్టారు!

ట్రోల్ అనే రాక్షసి కూడా అంతే. ప్రతి టర్న్ మొదట్లో 10 హిట్ పాయింట్లు తిరిగొస్తాయి, నిప్పో యాసిడో తగిలితే దాని తర్వాతి టర్న్‌కి మాత్రం రావు. చచ్చిందనుకున్నది లేచి కూర్చోగానే టేబుల్ చుట్టూ ఒక్క క్షణం ఎవరూ మాట్లాడరు, ఆ వెంటనే కాగడా ఎవరి దగ్గరుందని అందరూ ఒకేసారి అరుస్తారు.

నాకు నచ్చనిది లెజెండరీ రెసిస్టెన్స్. పెద్ద ఎర్ర డ్రాగన్ రోజుకి మూడుసార్లు, ఓడిపోయిన సేవింగ్ త్రోని (మంత్రం లాంటివి తప్పించుకోడానికి వేసే డైస్‌ని) గెలిచినట్టు మార్చుకోవచ్చు. డ్రాగన్ మొదటి మంత్రానికే పడిపోకూడదు, అది నిజమే. కానీ సెషన్ అంతా దాచుకున్న మంత్రం వేసిన అమ్మాయికి "పనిచేయలేదు" అని చెప్పాల్సి వచ్చినప్పుడు ఆమె ముఖం చూసి నాకే బాధేసింది. ఇప్పుడు డ్రాగన్ మెడ మీద మూడు మెరిసే పొలుసులు పెట్టాను, వాడుకున్నప్పుడల్లా ఒకటి పగిలిపోతుంది. మంత్రం వృథా అయినట్టు ఉండదు, ఇంకెన్ని మిగిలాయో ఆటగాళ్లే లెక్కపెట్టుకుంటారు.

ఇక చివర్లో ఉన్న ఎన్‌పీసీల (డీఎం ఆడించే మామూలు మనుషుల) అనుబంధం, పుస్తకంలో నీరసమైన భాగం ఇదే. నైట్‌కి తన వాళ్లను ఉత్సాహపరిచే లీడర్‌షిప్ ఉంది, థగ్‌కి పక్కన తోడుంటే గురి పెరిగే ప్యాక్ టాక్టిక్స్ ఉంది, బాగున్నాయి. గార్డ్‌కి, అంటే కాపలావాడికి మాత్రం ఒక ఈటె, 11 హిట్ పాయింట్లు, అంతే. 58 హిట్ పాయింట్లున్న వెటరన్ కూడా ఒకే టర్న్‌లో ఎక్కువసార్లు కొడతాడు తప్ప కొత్తగా ఏమీ చేయడు. రాక్షసుల భాగానికి 5కి నాలుగున్నర ఇస్తాను, దీనికి రెండు దాటి ఇవ్వలేను.

అందుకే వంతెన దగ్గరి కాపలావాడికి నేనే ఒక రియాక్షన్ (ఎదుటివాళ్ల టర్న్‌లోనూ చేయగల పని) రాసుకున్నాను: పక్కనున్నవాడికి దెబ్బ తగలబోతే, డాలు అడ్డం పెట్టి ఆ దెబ్బ తనే తీసుకుంటాడు. పెన్సిల్‌తో ఒక్క లైను. ఓసారి ఆటలో కుర్ర సిపాయి మీదికి వచ్చిన గొడ్డలి దెబ్బకి ముసలి కాపలావాడు అడ్డుపడి కూలిపోయాడు. మా ఆటలో బార్బేరియన్ అనే యోధుడి పాత్ర ఆడే కుర్రాడు చేతిలో డైస్ కింద పెట్టేసి, "ఇతన్ని బతికించే దారి ఏదైనా ఉందా?" అని అడిగాడు.