మైలాపూరు ఇంట్లో పదిహేడు నెలలు

పైచదువుకు చెన్నై వస్తున్న మా ఊరి అమ్మాయిలు ఎక్కడ ఉంటే మంచిదని అడిగినప్పుడల్లా నేను ఎదురు ప్రశ్న వేస్తాను: చూసి వచ్చిన గదికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో కనుక్కున్నావా? వైఫై సంగతి, ఏసీ సంగతి అందరూ అడుగుతారు. నీళ్ల సంగతి ఎవరూ అడగరు. 2023 జులైలో నేనూ అడగలేదు.

చీరాలలో పినాకిని ఎక్కి చెన్నైలో దిగిన రోజున నాకు తమిళం ఒక్క ముక్క రాదు. కాలేజీ తరమణిలో. దగ్గరని వేళచ్చేరిలో ఒక ఆడపిల్లల హాస్టల్లో చేరాను. గదికి ముగ్గురం, భోజనంతో కలిపి నెలకు ఎనిమిదిన్నర వేలు. మొదటి నాలుగు నెలలూ బాగానే గడిచాయని ఒప్పుకోవాలి. గదిలో మిగతా ఇద్దరిదీ నంద్యాల, ఖమ్మం. వంటావిడది నెల్లూరు. పప్పు, పచ్చడి, మధ్యాహ్నం కునుకు, అంతా ఇంటి దగ్గరలాగే ఉండేది. ఆ నాలుగు నెలల్లో నేను నేర్చుకున్న తమిళం మాత్రం ఆటో బేరానికి సరిపోయేంతే.

డిసెంబరు 4న మిచాంగ్ తుఫాను వాన కుమ్మరించింది. చెరువూ, పక్కనున్న పళ్ళికరణై చిత్తడి నేలా ఏటికేడు కుంచించుకుపోతుంటే పెరిగిన పేట వేళచ్చేరి. వాన గట్టిగా పడితే నీరు తన పాత చోటు వెతుక్కుంటూ వస్తుంది. మా కింది అంతస్తులో నడుం లోతు నిలిచింది. కరెంటు లేదు కనుక మోటారు లేదు, మోటారు లేదు కనుక పై ట్యాంకులో చుక్క లేదు. చుట్టూ అన్ని నీళ్లుండి మొహం కడుక్కోవడానికి చెంబుడు లేక రెండు రాత్రులు గడిపాం. హాస్టల్ యజమాని ఫోను తీయలేదు. మరునాడు అదే తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. బాపట్ల మా ఇంటి పక్కనే. సిగ్నల్ లేని ఫోను పట్టుకుని నేను ఇక్కడ, అమ్మ అక్కడ. ఆ రెండు రోజులు తలచుకుంటే ఇప్పటికీ నాకు గొంతు పట్టేస్తుంది.

జనవరి మొదటి వారంలో, మా మేడమ్ ఒకరు చెప్పగా, మైలాపూరులో కపాలీశ్వరుడి కోనేరుకు రెండు వీధుల అవతల ఒక తమిళ కుటుంబం ఇంటికి మారాను. ఇంటాయనను మామ అని, ఆయన భార్యను మామి అని పిలుస్తాను. మామ బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. ఆయన కాక మామి, మామ వాళ్లమ్మ, అంతే. పెద్దావిడను పాట్టి అంటాను, తమిళంలో బామ్మ అని. వాళ్లబ్బాయి ఉద్యోగానికి వెళ్లాక ఖాళీ అయిన గది నాది. పొద్దున కాఫీ, టిఫిను, రాత్రి భోజనం కలిపి పదకొండు వేలు. హాస్టల్ కంటే రెండున్నర వేలు ఎక్కువ. దానికి ఏమి వచ్చిందో, ఏమి పోయిందో రెండూ చెబుతాను.

మొదట నీళ్లు. మెట్రో వాటర్, అంటే నగరం కుళాయి నీళ్లు, సంపులోకి పడుతుంది, వాడకానికి పెరట్లో బావి ఉంది, కరెంటు పోతే చేతిపంపు ఉంది. 2019 వేసవిలో నగరానికి నీళ్లిచ్చే చెరువులు అడుగంటినప్పటి నుంచి మామ ప్రతి ఆదివారం ముడులు వేసిన తాడు బావిలోకి వదిలి లోతు చూసి క్యాలెండరు మీద రాస్తారు. ఆ అంకెలు చూశాక నాకు ఈ ఇంటి మీద నమ్మకం కుదిరింది.

నేను పెట్టె దించింది మార్గళి మాసంలో, అంటే మన ధనుర్మాసం. తెల్లవారుజామున కిటికీలోంచి చూస్తే మామి వాకిట్లో ముగ్గు వేసి, నడుమ పేడముద్ద పెట్టి దానిలో గుమ్మడి పువ్వు గుచ్చుతున్నారు. గొబ్బెమ్మ! చెప్పులు కూడా వేసుకోకుండా కిందికి పరుగెత్తాను. పరాయి ఊరని బెంగపడుతూ పడుకున్న మొదటి రాత్రి అలా తెల్లవారింది.

ఇక నియమాలు. రాత్రి తొమ్మిదిన్నరకు గేటు వేస్తారు. ఇంట్లో మాంసం, గుడ్డు లేవు. స్నేహితులు హాలు వరకే. పాట్టి తలుపు తట్టకుండా లోపలికి వస్తారు. మొదటిదానికి అలవాటుపడ్డాను, రెండోదానికి ఆదివారాలు బయట తిన్నాను. మూడోది మాత్రం నన్ను బాధపెట్టింది. ప్రాజెక్టు పని కోసం వచ్చిన నా స్నేహితురాలిని గదిలోకి తీసుకువెళ్లలేక హాల్లో, టీవీ శబ్దంలో కూర్చోబెట్టాల్సి వచ్చింది. ఆ నియమం సరైనదని ఇప్పటికీ అనుకోను. రాత్రంతా మేలుకుని గుంపుగా చదివే అలవాటున్నవాళ్లు ఇలాంటి ఇంటికి రాకపోవడమే మంచిది.

తిండి దగ్గర మొదటి నెల కష్టపడ్డాను. రసం, కూట్టు అనే పప్పుకూర, పొరియల్ అనే వేపుడు, పెరుగన్నం, అన్నీ శుభ్రంగా, వేడిగా ఉండేవి గాని నాలుకకు కారం తగిలేది కాదు. అమ్మ పంపిన గోంగూర పచ్చడిలో వెల్లుల్లి ఉందని సీసా నా గదిలోనే ఉంచుకున్నాను. ఒకరోజు మామ చూసి రుచి అడిగారు. మార్చి నాటికి ఆ సీసా భోజనాల బల్ల మీదికి చేరింది. అమ్మ తరువాతి పార్సిల్లో రెండు సీసాలు పెట్టి, "ఒకటి వదినగారికి" అని కాగితం అంటించింది.

తమిళం నాకు వంటింట్లోనే వచ్చింది. మొదట్లో మనకు తెలిసినట్టే ఉండే మాటలతోనే చిక్కు. ఒక సాయంత్రం పిండి రుబ్బడానికి సాయం చేస్తానంటే మామి "అవసరం ఇల్లై" అన్నారు. అక్కర్లేదు అన్నారనుకుని గదిలోకి వెళ్లి చదువుకున్నాను. గంట తరువాత వచ్చి చూస్తే నానిన బియ్యం అలాగే ఉంది, ఆవిడ పీట మీద కూర్చుని ఉన్నారు. తమిళంలో అవసరం అంటే తొందర. తొందరేమీ లేదు, నిదానంగా రమ్మన్నారు ఆవిడ. నా కోసం గంటసేపు ఎదురుచూసి, పిలవడానికి కూడా మొహమాటపడ్డారు.

ఈ ఇంట్లో నాకు అన్నింటికంటే ఇష్టమైన వేళ సాయంత్రం ఆరున్నర. మామి శ్రుతిపెట్టె పెట్టుకుని త్యాగరాజ కీర్తనలు పాడతారు. నలభై ఏళ్లుగా పాడుతున్నా ఆవిడకు తెలుగు రాదు, తమిళ లిపిలో రాసుకున్న నోటుబుక్కు చూసి పాడతారు. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం కావడంతో ఏది పలకాలో తెలియడానికి నోటుబుక్కు అంతటా అక్షరాల పైన చిన్న చిన్న అంకెలు. నేను పక్కన కూర్చుని మాట మాటకూ అర్థం చెప్పడం మొదలుపెట్టాను. మూడో రోజే "నెనరు" దగ్గర ఆగిపోయాను. తెలుగు నా సొంత భాష, ఆ మాట నాకు తెలియదు. తాతయ్యకు ఫోను చేస్తే, "ప్రేమే అమ్మా, కాకపోతే ఆదరించే ప్రేమ" అన్నాడు. ఆ తరువాత వారానికి ఒకసారైనా తాతయ్యకు ఫోను వెళ్లేది. మామి కాగితం మీద మాటలు రాసి సిద్ధంగా ఉంచేవారు.

రాకపోకల సంగతి త్వరగా చెప్పేస్తాను. తిరుమయిలై స్టేషన్ నుంచి తరమణికి ఎత్తు మీద నడిచే రైలు ఉంది. ఇక్కడివాళ్లు పరక్కుం రయిల్, ఎగిరే రైలు అంటారు. టికెట్టు ఐదు రూపాయలు. రాత్రి ఆలస్యమైతే మెట్ల మీద జనం పలచబడతారు, అప్పుడు నేను బస్సు ఎక్కుతాను. సాధారణ బస్సుల్లో ఆడవాళ్లకు 2021 నుంచి టికెట్టు లేదు. మైలాపూరులోనే ఉన్న లజ్ కూడలి వైపు మెట్రో పనుల వల్ల దారులు మళ్లించారు, పరీక్ష రోజున ఆటోను నమ్ముకోవద్దు. అదే రైలు దారిలో కొట్టూర్‌పురంలో దిగితే అన్నా శతజయంతి గ్రంథాలయం, తొమ్మిది అంతస్తులు. సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకునే చోటూ ఉంది. ఇంట్లో గుంపుగా చదవలేని లోటు నాకు అక్కడే తీరింది.

ఆదివారం పొద్దున నడక నాగేశ్వరరావు పార్కులో. అమృతాంజనం కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి పేరే అది. అక్కడికి దగ్గర్లోనే పొట్టి శ్రీరాములు గారి స్మారక భవనం. యాభై ఎనిమిది రోజుల నిరాహార దీక్ష చేసి 1952 డిసెంబరు 15న ఆయన కన్నుమూసింది ఈ మైలాపూరులోనే, బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో. పాఠ్యపుస్తకంలో చదివినప్పుడు అది ఏ వీధో నేను ఊహించలేదు. మొదటిసారి వెళ్లినప్పుడు చాలాసేపు గడపలోనే నిలబడిపోయాను. మన పిల్లలు చెన్నై వస్తే బీచికి వెళ్లకపోయినా ఇక్కడికి వెళ్లాలి.

మే నెలాఖరుకు నా చదువు అయిపోతుంది. గది ఎవరికైనా ఇవ్వాలా అని మామిని అడిగాను. ఇవ్వాలన్నారు. అద్దె అదే, గేటు వేళ అదే. స్నేహితుల నియమం సడలించమని అడిగితే ఆలోచిస్తానన్నారు. వచ్చే అమ్మాయికి మాత్రం తెలుగు చదవడం, రాయడం వచ్చి ఉండాలట. నోటుబుక్కులో ఇంకా ముప్పై కీర్తనలు మిగిలి ఉన్నాయి.