చవక టికెట్, బరువైన బ్యాగు: బెజవాడ వాళ్లకు ఏది మేలు?

గన్నవరంలో విమానం ఎక్కేవాళ్లు టికెట్ ధరతో పాటు ఆవకాయ బరువు కూడా లెక్కేసుకోవాలి. మన పక్క టికెట్ల బేరం చాలావరకు అక్కడే తేలుతుంది.

చెకిన్ బ్యాగు, అంటే కౌంటర్‌లో అప్పగించే సామాను, లేని టికెట్‌ను తక్కువ ధరకు అమ్ముకోవచ్చని 2021 ఫిబ్రవరిలో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ విమాన సంస్థలకు అనుమతి ఇచ్చింది. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ ‘ఎక్స్‌ప్రెస్ లైట్’ పేరుతో అమ్మేది అలాంటి టికెట్టే. ల్యాప్‌టాప్ సంచీతో పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చేవాళ్లకు అది బంగారం. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్లే అమ్మానాన్నలకు మాత్రం పనికిరాదు. గుంటూరు కారం చేతి సంచీలో ఉంటే సెక్యూరిటీ దగ్గర పక్కన పెట్టించేస్తారు. నూనె తేలే పచ్చడిదీ అదే గతి. ఇవి వెళ్లాల్సింది చెకిన్ బ్యాగులోనే. ఆ బ్యాగును కౌంటర్ దగ్గర అప్పటికప్పుడు కొంటే, ముందే ఆన్‌లైన్‌లో కొన్నదానికంటే బాగా ఎక్కువ కట్టాలి.

మాటవరసకు లైట్ టికెట్ 3,200, 15 కిలోల బ్యాగుతో వచ్చే మామూలు టికెట్ 3,900 అనుకోండి. ఆ 700 మిగిలిందనుకుని బయల్దేరితే, కౌంటర్ దగ్గర కిలోల లెక్కన కట్టేసరికి మిగిలింది పోయి ఎదురు కట్టాల్సి వస్తుంది. కాబట్టి పచ్చళ్లు వెంట ఉంటే మామూలు టికెట్టే మేలు, ఇందులో నాకు రెండో మాట లేదు. బరువు ఇంట్లోనే చూసుకోండి. బ్యాగు పట్టుకుని మిషన్ ఎక్కి, అందులోంచి మీ బరువు తీసేస్తే సరి. గాజు సీసా బరువే అర కిలో దాకా లాగేస్తుంది. కొట్టువాళ్లను అడిగితే పచ్చడిని కవర్లో సీల్ చేసి ఇస్తారు.

ఇక ఎక్కడ కొనాలి, అన్ని సంస్థల టికెట్లూ అమ్మే యాప్‌లోనా, విమాన సంస్థ సైట్‌లోనా? యాప్‌లో రేట్లన్నీ ఒకేచోట కనిపిస్తాయి, బ్యాంకు కార్డు ఆఫర్లూ ఉంటాయి. కానీ కన్వీనియన్స్ ఫీజు చివర్లో కలుస్తుంది, అదీ చాలాచోట్ల తలకింత చొప్పున. నలుగురు వెళ్తే ఆఫర్‌లో వచ్చింది అందులోనే కలిసిపోతుంది. సైట్‌లోనూ ఈ ఫీజు ఉంటుంది, అది లేదని ఎవరైనా చెబితే నమ్మకండి. అయినా తేదీ మార్చాల్సి వచ్చినప్పుడు తేడా తెలుస్తుంది: యాప్‌లో కొంటే విమాన సంస్థ కోతతో పాటు యాప్ వాళ్ల కోత కూడా పడుతుంది. యాప్‌లో వెతికి సైట్‌లో కొనడమే నా పద్ధతి.

ఎక్కడ కొన్నా ఇన్సూరెన్స్, భోజనం, ముందు వరుస సీటు వగైరాలు మధ్యలో చేరుతుంటాయి. అడగకుండా బుట్టలో వేయడాన్ని, ధరను విడతలుగా చూపించడాన్ని వినియోగదారుల రక్షణ సంస్థ సీసీపీఏ 2023 నవంబరులోనే తప్పుడు పద్ధతుల జాబితాలో చేర్చింది. అయినా డబ్బు కట్టే ముందు ఆ పేజీని పైనుంచి కిందిదాకా ఒకసారి చదవండి. వెబ్ చెకిన్‌లో సీట్లన్నింటికీ రేటు కనిపిస్తే టెన్షన్ పడక్కర్లేదు. సీటు ఎంచుకోకుండా వదిలేస్తే ఉచితంగానే ఏదో ఒకటి ఇస్తారు, మధ్య సీటైనా సరే అనుకునేవాళ్లకు అది చాలు. పన్నెండేళ్ల లోపు పిల్లలను తల్లిదండ్రుల్లో ఒకరి పక్కనే కూర్చోబెట్టాలని డీజీసీఏ 2024లో చెప్పింది కాబట్టి, ఆ భయంతో సీటు కొనక్కర్లేదు. కౌంటర్ దగ్గర బోర్డింగ్ పాస్‌కు విడిగా డబ్బు తీసుకోకూడదని కేంద్రం 2022 జులైలోనే స్పష్టం చేసింది.

గన్నవరమా, శంషాబాదా అన్నది మరో లెక్క. శంషాబాద్ టికెట్ రెండు వేలు తక్కువ కనిపించినా, బస్సు ఛార్జీ, అక్కడి నుంచి ఎయిర్‌పోర్టుకు క్యాబ్, దారిలో తిండి, ఆలస్యమైతే ఏమవుతుందోనన్న భయం కలిపి చూడండి. ఒంటరిగా, చిన్న సంచీతో వెళ్లేవాళ్లకు శంషాబాద్ గిట్టుబాటు కావచ్చు. కుటుంబంతో, సామానుతో అయితే గన్నవరమే.

అమెరికా వెళ్లేవాళ్లు మాత్రం జాగ్రత్త. గన్నవరం నుంచి విడిగా దేశీయ టికెట్ కొంటే, ఇరవైమూడేసి కిలోల రెండు పెట్టెలకు ముందు ఆ టికెట్‌లోని 15 కిలోల పరిమితే అడ్డొస్తుంది. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినా బాధ్యత మీదే. గన్నవరం నుంచి గమ్యం దాకా ఒకే టికెట్ దొరికితే, కాస్త ఎక్కువైనా అదే తీసుకోండి. దొరక్కపోతే పెట్టెలతో కారులో శంషాబాద్ చేరడమే నయం. టికెట్ రద్దు చేసుకోవాల్సి వస్తే, నాన్ రిఫండబుల్ అన్నా సరే, ప్రభుత్వ పన్నులు, ఎయిర్‌పోర్టు వాడకానికి తీసుకునే యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు వెనక్కి రావాలి. అడిగి తీసుకోండి.