‘పశువుల కాపరి’, ‘మూడు చెట్లు’: ఏది మేలు?

చెట్ల నడుమ మనుషులున్న చిన్న ఎచింగ్‌ను (రాగిరేకు మీద గీసిన గీతను ఆమ్లంతో లోతు చేసి కాగితం మీద తీసే అచ్చును) ఆస్వాదించడం మొదలుపెట్టాలనుకునేవారికి రెండు ముద్రణలు పక్కపక్కన పెట్టి చూపడం నాకు ఇష్టం. ఒకటి రోమ్‌లో స్థిరపడిన చిత్రకారుడు క్లోడ్ లొరేన్ 1636లో చేసిన ‘పశువుల కాపరి’, రెండోది ఆమ్‌స్టర్‌డామ్‌లో చిత్రకారుడు రెంబ్రాంట్ 1643లో చేసిన ‘మూడు చెట్లు’. మొదటిది సుమారు 13 సెంటీమీటర్ల ఎత్తు, 20 సెంటీమీటర్ల వెడల్పు. రెండోది ఇంచుమించు 21, 28.

రెంబ్రాంట్ చిత్రంలో కన్ను ముందుగా ఆకాశానికే పోతుంది. ఎడమ పై మూలన బద్ద పెట్టి గీసినట్టు ఏటవాలుగా దిగే వానగీతలు, కుడివైపు గట్టు మీద వెలుగుకు అడ్డంగా నిలిచిన మూడు చెట్లు. మనుషులను మాత్రం వెతుక్కోవాలి. ఎడమన నీటి ఒడ్డున గాలం వేసినవాడు, అతని పక్కన ఒక స్త్రీ, గట్టు పైన కూర్చొని బొమ్మ గీసుకుంటున్న చిత్రకారుడు త్వరగానే కనబడతారు గాని, కుడివైపు కింద పొద చీకటిలో దాగిన ప్రేమజంట భూతద్దం పెడితే తప్ప దొరకదు.

క్లోడ్ చిత్రంలో ఇంత హడావిడి లేదు. కాపరి కూర్చొని పిల్లనగ్రోవి ఊదుతుంటాడు, పశువులు వాగు దాటుతుంటాయి, మిగిలినదంతా చెట్లూ వెలుగే. ఎచింగ్‌లో రాగిరేకు మీది మైనపు పూతను సూదితో గీరి ఆమ్లంలో ఉంచితే, ఉంచినకొద్దీ గీత లోతవుతుంది, అచ్చులో నలుపెక్కుతుంది. ఆ పని మీద క్లోడ్‌కు ఎంత పట్టుందో చూడాలంటే దగ్గరి చెట్ల నీడ నుంచి దూరపు కొండల దాకా చూపును మెల్లగా నడిపించాలి: గీత పలచబడుతూ పోయి చివరకు కాగితపు తెలుపే ఎండగా మిగులుతుంది. ఆకును ఆకుగా గీసిన చోటు దాదాపు లేదు, చిన్న చిన్న మెలికలే గుబురుగా మారతాయి.

మనుషులకూ చెట్లకూ పొత్తు కుదరడమే కొలత అయితే నా ఓటు క్లోడ్‌కే. కాపరిని తీసేస్తే ఆ నీడకు అర్థం ఉండదు, రెంబ్రాంట్ గాలగాణ్ణి తీసేసినా తుఫాను తుఫానే. పైగా ‘మూడు చెట్లు’లో ఎచింగ్‌తో పాటు డ్రైపాయింట్ (ఆమ్లం లేకుండా సూదితో రేకునే నేరుగా గీరడం), ఉలిపని (ఉలితో రేకును చెక్కడం) కూడా కలిశాయి గనుక సూదిగీత ఒక్కదాన్నే గమనించడం కొత్తవారికి కష్టం. అయితే రెండింటికీ మంచి ప్రతి దొరకాలి: రేకు అరిగాక తీసిన అచ్చులో క్లోడ్ దూరపు సన్నగీతలు వెలిసిపోతాయి, రెంబ్రాంట్ డ్రైపాయింట్ నలుపులోని మెత్తదనం అంతకన్నా ముందే పోతుంది.