డాక్టర్ రాసిన స్కాన్‌కి వెళ్లండి, కౌంటర్లో చెప్పే ప్యాకేజీకి వద్దు

శ్రీకాకుళం టౌన్‌లో స్కానింగ్ సెంటర్లకి కొదవ లేదు, ఆసుపత్రి ఉన్న ప్రతి వీధిలో ఒకటి కనిపిస్తుంది. ఈ సెంటర్‌కి నేను మూడు స్టార్లు ఇస్తున్నా. మూడూ లోపల స్కాన్ చేసే రేడియాలజిస్టు మేడమ్‌కే. ఎగ్గొట్టిన రెండూ బయట కౌంటర్ వాళ్లవి. ఎందుకో కాస్త వివరంగానే రాస్తాను, ఎందుకంటే మన జిల్లాలో కిడ్నీ అనే మాట వింటేనే సగం ప్రాణం పోతుంది, ఆ భయం మీద వ్యాపారం చేయడం ఎంత సులువో మనందరికీ తెలుసు.

మా బావకి నడుం పక్క నుంచి గజ్జల్లోకి పొడుచుకొచ్చే నొప్పి. డాక్టర్ గారు చూసి రాయి అయి ఉంటుందన్నారు, కేయూబీ అల్ట్రాసౌండ్ రాశారు, అంటే కిడ్నీలు, మూత్రనాళాలు, బ్లాడర్ చూసే స్కాన్. ఇంట్లో ఒకళ్లు "ఇవన్నీ ఎందుకు, డైరెక్ట్‌గా సీటీ తీయించేస్తే పోలా" అన్నారు. ఎక్స్‌రేలతో తీసే సీటీలో రాయి ఇంకా బాగా కనిపిస్తుంది, నిజమే. కానీ ఇదే అనుమానం మీద అమెరికాలో 15 ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగాల్లో 2,759 మందితో ట్రయల్ చేసి 2014లో ఫలితాలు ప్రచురించారు. కొందరికి ముందు అల్ట్రాసౌండ్, కొందరికి ముందు సీటీ. ముందు అల్ట్రాసౌండ్ తీయించుకున్న వాళ్లలో ప్రమాదకరమైన జబ్బేదీ ఎక్కువగా తప్పిపోలేదు, రేడియేషన్ మాత్రం తక్కువ పడింది. కావాల్సిన వాళ్లకి తర్వాత సీటీ ఎలాగూ తీశారు. కాబట్టి మా డాక్టర్ గారు రాసింది సరైనదే, ఖర్చు కూడా వెయ్యి లోపే అయింది.

మేడమ్ పనితనం గురించి చెప్పాలి. హడావిడి లేదు. బావని ఒక పక్కకి, మళ్లీ ఇంకో పక్కకి తిప్పి, ఊపిరి బిగబట్టమని చెప్పి, రెండు కిడ్నీలూ పొడవు కొలిచి, స్క్రీన్ మా వైపు తిప్పి రాయి చూపించారు. రాయి తెల్లగా మెరుస్తుంది, దాని వెనక నల్లటి నీడ పడుతుంది, ధ్వని తరంగం రాయిని దాటి వెళ్లలేదు కాబట్టి. తర్వాత కలర్ పెట్టి, మూత్రం కిడ్నీ నుంచి బ్లాడర్‌లోకి చిమ్మడం కూడా చూపించారు. దారి పూర్తిగా మూసుకుపోలేదని దాన్నిబట్టి తెలుస్తుందట. లీటరు నీళ్లు తాగి బిగపట్టుకుని కూర్చోమనేది ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. చిన్న రాయి, యురేటర్ (మూత్రనాళం) మధ్యలో ఇరుక్కున్నది ఇందులో కనిపించకపోవచ్చు, నొప్పి తగ్గకపోతే మళ్లీ డాక్టర్‌కి చూపించండి అని తనంతట తనే చెప్పారు. ఇంత సూటిగా చెప్పేవాళ్లు తక్కువ.

బావ అడిగిన అసలు ప్రశ్న రాయి గురించి కాదు. "మేడమ్, ఉద్దానం జబ్బు ఏమైనా ఉందా?" మాది సోంపేట వైపు, అదంతా ఉద్దానం ప్రాంతమే. కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, ఎటు చూసినా డయాలసిస్‌కి వెళ్లే మనిషి లేని వీధి ఉండదు. 2019, 2020లో వచ్చిన రెండు అధ్యయనాల్లో అక్కడి పెద్దవాళ్లలో నూటికి 18 నుంచి 21 మంది దాకా దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కనిపించింది, చాలామందిలో కారణమేంటో ఇప్పటికీ తేల్చలేకపోయారు. మేడమ్ చెప్పిన జవాబు అందరూ వినాల్సింది. జబ్బు ముదిరాక స్కాన్‌లో కిడ్నీ చిన్నదైపోయి, మామూలు కంటే తెల్లగా కనిపిస్తుంది. మొదట్లో మాత్రం స్కాన్ శుభ్రంగా నార్మల్ రావచ్చు. అందుకే రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ సరిగ్గా వడకట్టకపోతే పెరిగేది), మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ చూడాలి. స్కాన్ నార్మల్ అని ఇంటికెళ్లి పండగ చేసుకోవడం కుదరదు. పైగా ఉద్దానం కేసుల్లో మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోని వాళ్లూ చాలామంది ఉంటారు కాబట్టి క్రియాటినిన్ అసలు మానకూడదు. పలాసలో 2023 డిసెంబర్‌లో కిడ్నీ రీసెర్చ్ సెంటర్‌తో పాటు 200 పడకల ఆసుపత్రి ప్రారంభించారు, అటు వైపు వాళ్లు దాని గురించి కనుక్కోండి. ఈ సెంటర్ గోడ మీద మాత్రం "కిడ్నీ భయమా? నేడే స్కాన్ చేయించుకోండి" అని పెద్ద ఫ్లెక్సీ. లోపల మేడమ్ చెప్పేదొకటి, బయట ఫ్లెక్సీ చెప్పేదొకటి.

ఇక ప్యాకేజీ సంగతి. బిల్లు కడుతుంటే కౌంటర్లో అమ్మాయి మా అక్కని చూసి "మీరూ ఎలాగూ వచ్చారు కదక్కా, లేడీస్ ప్యాకేజీ ఉంది, పొట్ట, గర్భసంచి, థైరాయిడ్ అన్నీ కలిపి ఆఫర్లో" అంది. అక్కకి ఏ నొప్పీ లేదు, ఏ డాక్టరూ ఏదీ రాయలేదు. "ఒళ్లంతా ఒకేసారి చూసేస్తారటరా" అని డబ్బు కట్టేసింది. మేడమ్ ఆ టైమ్‌కి వెళ్లిపోయారు, ఇంకెవరో చేశారు. రిపోర్టులో థైరాయిడ్‌లో 6 మిల్లీమీటర్ల గడ్డ, "ఎఫ్‌ఎన్‌ఏసీ సూచించడమైనది" అని ఒక ముక్క, అంటే గడ్డకి సూది పెట్టి కణాలు తీసి పరీక్షించాలని. అంతే. గడ్డ ఎలా ఉంది, అంచులు ఎలా ఉన్నాయి, గట్టిదా నీరా, లోపల సున్నపు చుక్కలున్నాయా, ఏమీ రాయలేదు. ఆ రాత్రి నుంచి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

వేరే డాక్టర్‌కి చూపిస్తే ఆయన మొదట అడిగింది "టైరాడ్స్ ఎంత రాశారు?" అని. థైరాయిడ్ గడ్డలకి 2017లో అమెరికన్ రేడియాలజీ కాలేజీ వాళ్లు ఇచ్చిన లెక్క అది, గడ్డ రూపాన్నిబట్టి ఒకటి నుంచి ఐదు దాకా. అన్నిటికంటే అనుమానించాల్సిన ఐదో రకంలో కూడా సెంటీమీటరు, అంతకుమించి ఉంటేనే సూది పెట్టి చూడమంటుంది. ఆరు మిల్లీమీటర్లకి సూది ఏంటమ్మా అని నవ్వి, మళ్లీ స్కాన్ చేసి, ఏమీ అక్కర్లేదని పంపించారు. ప్యాకేజీ డబ్బులు పోగా రెండో స్కాన్ డబ్బులు అదనం, టెన్షన్ ఉచితం.

ఇది మా అక్క ఒక్కదాని గోల కాదు, ఒక దేశం మొత్తం ఇలాగే అయిపోయింది. దక్షిణ కొరియాలో 1999 నుంచి ప్రభుత్వం క్యాన్సర్ పరీక్షల పథకం పెట్టింది. అందులో థైరాయిడ్ లేదు. ఆసుపత్రుల వాళ్లే "ఎలాగూ వచ్చారు కదా" అని కొంచెం డబ్బులకి థైరాయిడ్ అల్ట్రాసౌండ్ కలిపారు. 2011కి వచ్చేసరికి థైరాయిడ్ క్యాన్సర్ అని తేలినవాళ్ల రేటు 1993తో పోలిస్తే 15 రెట్లు. ఆ జబ్బుతో చనిపోయేవాళ్ల సంఖ్య మాత్రం కదల్లేదు. అంటే కనిపెట్టినవాటిలో ఎక్కువభాగం ఎన్నటికీ ఏమీ చేయనివి. కానీ దాదాపు అందరికీ ఆపరేషన్ చేసి థైరాయిడ్ మొత్తమో కొంతో తీసేశారు, చాలామందికి జీవితాంతం మాత్రలు, కొందరికి గొంతు పోయింది. 2014లో ఈ లెక్కలు బయటికొచ్చి గొడవయ్యాక ఆపరేషన్లు బాగా తగ్గాయి.

ప్యాకేజీలో గర్భసంచితో పాటు అండాశయాలూ చూస్తారు కదా. బ్రిటన్‌లో రెండు లక్షల పైచిలుకు ఆడవాళ్లని తీసుకుని, కొందరికి ఏటా స్కాన్, కొందరికి ఏటా రక్తపరీక్ష, మిగతావాళ్లకి ఏమీ చేయకుండా ఏళ్ల తరబడి చూశారు. 2021లో తుది ఫలితం వచ్చింది. రెండు పద్ధతుల్లో ఏదీ అండాశయ క్యాన్సర్ మరణాలు తగ్గించలేదు. అలాగని లక్షణం లేకుండా చేసే స్కాన్లన్నీ దండగ అనను. 65 నుంచి 74 ఏళ్ల మగవాళ్లకి పొట్టలోని పెద్ద రక్తనాళం ఉబ్బిందేమో ఒక్కసారి చూడ్డానికి పిలిస్తే, ఆ జబ్బుతో చనిపోవడం 42 శాతం తగ్గిందని 2002లో బ్రిటన్‌లోనే ఇంకో ట్రయల్‌లో తేలింది. తమాషా ఏంటంటే ఈ సెంటర్ వాళ్ల "సీనియర్ ప్యాకేజీ" జాబితాలో ఆ ఒక్కటే కనబడలేదు.

ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1 అని వస్తే కంగారు పడకండి. కొవ్వు ఓ మోస్తరు దాటితే అల్ట్రాసౌండ్ బాగానే పట్టుకుంటుంది, తక్కువ కొవ్వు దగ్గర మాత్రం చూసే కన్నునిబట్టి మారుతుంది. హాల్లో నా పక్కన కూర్చున్న ఇద్దరి రిపోర్టుల్లోనూ అదే ఉంది, బావ దాంట్లోనూ అదే. షుగర్, నడుం కొలత సంగతి మీ డాక్టర్‌తో మాట్లాడండి, దానికోసం లివర్ ప్యాకేజీ కొనక్కర్లేదు.

గర్భిణులకి ఇక్కడ టిఫా స్కాన్ (బిడ్డ అవయవాలన్నీ చూసేది) ఓపిగ్గా చేస్తారని హాల్లో విన్నాను. ఆడా మగా చెప్పబడదు అనే బోర్డు ఉంది, కౌంటర్లో ఒక అత్తగారు గుసగుసగా అడిగితే గట్టిగానే కసిరారు, అది మెచ్చుకోవాలి. కానీ నెలనెలా రమ్మంటే ఎందుకని అడగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెప్పింది 24 వారాల లోపు ఒక్క స్కాన్ అని. ఆపైన డాక్టర్‌కి కారణం ఉంటే చేయించాలి, కారణం లేకపోతే అక్కర్లేదు. అల్ట్రాసౌండ్‌లో ఎక్స్‌రే లాంటి రేడియేషన్ ఉండదు కాబట్టి చేసిన స్కాన్ వల్ల బిడ్డకేదో అయిపోతుందని మాత్రం భయపడొద్దు.

మిగతావి క్లుప్తంగా. టోకెన్ పద్ధతి పేరుకే, తెలిసినవాళ్లు ముందు వెళ్లిపోతారు. నీళ్లు తాగించి గంటలకొద్దీ కూర్చోబెట్టే చోట ఒకే ఒక్క బాత్రూమ్, దానికి గడియ లేదు. పక్కనున్న పెద్దావిడ "ఏటి బాబూ, నీళ్లు తాగినావా, తాగకపోతే మళ్లీ బయటికి పంపేస్తారు" అని అందరికీ చెబుతోంది, రిసెప్షన్ చేయాల్సిన పని ఆవిడ చేసింది. పొట్ట స్కాన్ అయితే పరగడుపున ఉదయమే వెళ్లండి, మేడమ్ మధ్యాహ్నం దాకానే ఉంటారు, మీ స్కాన్ ఎవరు చేస్తారో డబ్బు కట్టకముందే అడగండి. ఫొటోలు థర్మల్ పేపర్ మీద ఇస్తారు, కొన్నాళ్లకి వెలిసిపోతాయి కాబట్టి అదే రోజు ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. పార్కింగ్ లేదు, ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి ఆటోలో రావడమే నయం.