ప్రయోగమా, యాక్షన్ రీసెర్చా: ఏది మేలు?

ప్రశ్న అడిగిన ప్రతిసారీ క్లాసులో అవే నాలుగు చేతులు లేస్తున్నాయి. మిగతా పిల్లలు తల దించుకుని కూర్చుంటున్నారు. దీని మీద పరిశోధన చేద్దామనుకున్న టీచరుకు ముఖ్యంగా రెండు దారులున్నాయి.

ఒకటి ప్రయోగ పద్ధతి. పిల్లల్ని లాటరీ తీసి రెండు గుంపులు చేస్తారు. ఒక గుంపుకు కొత్త పద్ధతిలో, ఇంకో గుంపుకు పాత పద్ధతిలో పాఠం చెప్పి, చివర్లో ఫలితాలు పోలుస్తారు. రెండోది చర్యా పరిశోధన, అందరి నోటా నలిగే మాటలో యాక్షన్ రీసెర్చ్. ప్లాన్ వేసుకోవడం, చేయడం, గమనించడం, జరిగినదాని గురించి కూర్చుని ఆలోచించడం, ఆ ఆలోచనతో మళ్ళీ కొత్త ప్లాన్. మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ 1946లోనే దీన్ని ఒక చుట్టు మీద ఇంకో చుట్టుగా సాగే పనిగా వివరించాడు.

ప్రయోగాన్ని తక్కువ చేయడానికి లేదు. లాటరీ తీస్తే చురుకైన పిల్లలంతా ఒకే గుంపులో పడే అవకాశం తగ్గుతుంది కాబట్టి, తేడా వస్తే అది పద్ధతి వల్లేనని ధైర్యంగా చెప్పొచ్చు. స్ట్రెప్టోమైసిన్ అనే మందు క్షయ మీద పనిచేస్తుందని 1948లో బ్రిటన్‌లో చూపించింది ఇలాంటి ప్రయోగమే. కాకపోతే మధ్యలో పద్ధతి మారిస్తే లెక్క చెడుతుంది. ఇంకా మంచి ఉపాయం తట్టినా పక్కన పెట్టుకోవాల్సిందే.

మళ్ళీ మన క్లాసుకు వద్దాం. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారనీ, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయనీ అమెరికన్ విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో గమనించింది. మన టీచరు అదే చేసిందనుకుందాం. మనసులో మూడు లెక్కపెట్టింది. అయినా అవే నాలుగు చేతులు. సాయంత్రం నోట్సు ముందేసుకుని, ఎవరు ఎన్నిసార్లు మాట్లాడారో గీతలు లెక్కపెట్టింది. మర్నాడు ఒక మౌనంగా ఉండే పిల్లను పక్కకు పిలిచి అడిగితే, "జవాబు తెలుసు మేడమ్, తప్పయితే అందరూ నావైపు చూస్తారు" అంది. అంటే కావాల్సింది టైమ్ కాదు, భయం పోవడం. రెండో చుట్టులో ముందు పుస్తకంలో రాయమంది, పక్కనున్నవాళ్ళకు చూపించమంది, ఆ తర్వాతే చెప్పమంది.

ఇదే ప్రయోగమైతే మొదటి పద్ధతి దగ్గర "తేడా లేదు" అని రిపోర్టు వచ్చేది. అబద్ధం కాదు, కానీ ఆ పిల్ల మాట అందులో ఉండేది కాదు.

అయితే యాక్షన్ రీసెర్చ్‌లో పెద్ద ప్రమాదం ఒకటుంది: చేసేదీ మనమే, బాగుందో లేదో చెప్పేదీ మనమే. కష్టపడి చేసిన పని బాగానే కనిపిస్తుంది. అందుకే చుట్టు మొదలుపెట్టే ముందే ఏం జరుగుతుందనుకుంటున్నామో, ఏది జరిగితే ఓడినట్టో రాసి పెట్టుకోవాలి. ఒక తోటి టీచరును వెనక బెంచీలో కూర్చుని లెక్క రాయమనాలి. వృత్తిలో ఉన్నవాళ్ళు ఎలా ఆలోచిస్తారో పరిశీలించిన డోనాల్డ్ షోన్ 1983లో రెండు రకాల ఆలోచనను విడదీసి చెప్పాడు: పని చేస్తూండగానే సాగేది, పని అయ్యాక వచ్చేది. మొదటిది రాసుకోకపోతే సాయంత్రానికి మర్చిపోతాం. చాలామంది ఎగ్గొట్టేది కూడా ఈ రాతపనే. అది లేకపోతే మిగిలేది ఊరికే ఏదో ఒకటి చేసి చూడటమే.

కాబట్టి, వందల బడులకు ఒక పద్ధతిని సిఫార్సు చేయాలంటే ప్రయోగమే కావాలి. ఒక్క క్లాసులో మూడు చుట్లు తిరిగిన అనుభవం అంత బరువు మోయలేదు. మీ క్లాసు మీరు బాగుచేసుకోవాలంటే మాత్రం నా ఓటు యాక్షన్ రీసెర్చ్‌కే. వీలైతే రెండూ వరుసగా చేయొచ్చు, చుట్లలో పదునెక్కిన పద్ధతిని ఆ తర్వాత ప్రయోగానికి పెట్టి. ఒక్క విన్నపం: ఒకే చుట్టు తిరిగి రిపోర్టు సమర్పించేయకండి. ఆ పిల్ల మాట విన్నాక టీచరు ఏం మార్చింది, మారిస్తే ఏమైంది అన్నది తెలిసేది రెండో చుట్టులోనే.