కాసిమేడు రేవు: డీఎన్ఏ నమూనాలు కొనేవాళ్ళకి ఎంతవరకు పనికొస్తుంది?

చెన్నై కాసిమేడు రేవుని కూరకోసం మెచ్చుకునేవాళ్ళకి కొదవలేదు. ఇక్కడ చూస్తున్నది వేరే లెక్క. బంగాళాఖాతం కానాగంత చేపలూ అరేబియా సముద్రం కానాగంతలూ జన్యుపరంగా ఒకే గుంపా, వేరా అని తేల్చడానికి నమూనాలు కావాలంటే ఈ రేవుని ఎంతవరకు నమ్మొచ్చు? తాజాదనానికి ఐదుకి నాలుగున్నర ఇవ్వొచ్చు. చేప ఎక్కడ పడిందో తెలియడానికి రెండు, అదీ పడవ చూసి కొంటేనే.

ఇక్కడి ట్రాలర్లు చాలావరకు రోజుల తరబడి వేటాడి వస్తాయి, ఆంధ్రా తీరం దాకా పోతాయి. నాలుగైదు చోట్ల లాగిన చేపంతా ఒకే ఐసులో కలిసిపోతుంది. అందులోంచి ముప్పై ఏరి 'చెన్నై' అని చీటీ రాస్తే ఆ చీటీకి విలువ లేదు. వెతకాల్సింది రాత్రి వెళ్ళి పొద్దున్నే తిరిగొచ్చే ఫైబర్ పడవల్ని. ఏ ఊరి ఎదురుగా, ఎన్ని బారల లోతులో వల వేశారో అడిగి రాసుకోండి (బార అంటే సుమారు 1.8 మీటర్లు). పడవల మీద శ్రీకాకుళం, నెల్లూరు వాళ్ళు కూడా తగులుతారు, తెలుగులోనే అడగొచ్చు. తమిళుల దగ్గర కానాగంత అంటే తెలియకపోవచ్చు, కానాంగెళుత్తి అనండి. ఆదివారం మాత్రం వద్దు. ఆ జనంలో మీ ప్రశ్నలకి జవాబు చెప్పే తీరిక ఎవరికీ ఉండదు.

అసలు చిక్కు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. తూర్పు తీరంలో మరపడవలకి 61 రోజుల వేట నిషేధం ఉంటుంది కనక పడమటి తీరం చేప లారీల్లో నగరానికి దిగుతుంది. సముద్రపు చేపల్లో ఎఫ్ఎస్‌టీ (రెండు గుంపుల మధ్య జన్యు తేడాని కొలిచే లెక్క) మామూలుగానే తక్కువ. గుడ్లూ పిల్లలూ నీటివాలున కొట్టుకుపోతాయి. శ్రీలంక దక్షిణాన నైరుతి రుతుపవనాలప్పుడు ప్రవాహం తూర్పుకి, ఈశాన్యం అప్పుడు పడమరకి నడుస్తుంది. తరానికి కొద్ది చేపలు అటూ ఇటూ కలిసినా తేడా పలచబడిపోతుంది. అలాంటి చోట మంగళూరు చేప చెన్నై పేరుతో సీసాలో పడిందంటే, లారీ చేసిన వలసని ప్రవాహం ఖాతాలో రాసినట్టే. ఆ రెండు నెలలు ఇక్కడ కొనకపోవడమే మేలు.

వేలం గంపల లెక్కన సాగుతుంది. ఒకే గంపలో ముప్పై తీసుకోకండి, అవన్నీ ఒకే మందవి అయ్యే అవకాశం ఎక్కువ. మూడు నాలుగు పడవల నుంచి పదేసి, మళ్ళీ ఇంకో నెలలో అన్నే తీసుకోవాలి. కొనేముందు నోరు తెరిచి చూడండి. మొప్పల దువ్వెన ఈకల్లా లోపల కనిపిస్తే కానాగంతే. కనిపించకపోతే దాని దాయాది ఫాఘ్నీ అని అనుమానించి పక్కన పెట్టండి.

కోయడానికి రేవులో చోటూ లేదు, శుభ్రమైన నీళ్ళూ లేవు. ఏ పడవ చేప ఆ పడవదిగా వేరే కవర్లో కట్టి, ఐసుపెట్టెలో తెచ్చి ఆ పూటే కోయాలి. పైతోలు మీద పక్క చేపల రక్తం, పొలుసులు అంటి ఉంటాయి కాబట్టి తోలు ఒలిచి, లోపలి కండ శనగబద్దంత తీయండి. ప్రతి చేపకీ బ్లేడు బ్లీచుతో, ఆపైన ఆల్కహాలుతో తుడవాలి. లేకపోతే సీక్వెన్సులో, అంటే డీఎన్ఏ అక్షరాల వరుసని చూపే గ్రాఫులో, ఒకే స్థానంలో రెండు శిఖరాలు లేస్తాయి, అది మైటోకాండ్రియా జన్యువులో కలుషితానికి మొదటి గుర్తు. 2 మి.లీ. సీసాలో 1.5 మి.లీ. 95 శాతం ఇథనాలు పోయండి. మర్నాడు పారబోసి కొత్తది పోయాలి. కండలోని నీరు దిగి గాఢత తగ్గుతుంది, ఈ ఒక్క పని మానేస్తే డీఎన్ఏ ముక్కలయ్యే ప్రమాదం ఉంది. చీటీ పెన్సిల్‌తో రాసి లోపలే వేయండి, పెన్ను సిరా ఆల్కహాలులో కరిగిపోతుంది.

ఎక్కడ పడిందో పక్కాగా తెలియాలంటే మెరీనా పక్క నొచ్చికుప్పం ఇసుక మీదికే వెళ్ళడం మంచిది. అక్కడ దొరికేది తక్కువ, కానీ వల దులిపేది మీ కళ్ళ ముందే.